ఎంత లోతు అన్నది కాదు, ఏ నేల అన్నది: సరదా వెతుకులాటకు మెటల్ డిటెక్టర్ ఎంపిక

మెటల్ డిటెక్టర్ కొనాలనుకునేవారు అమ్మకందారును మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని అడుగుల లోతు దాకా పట్టుకుంటుంది? ఆ ప్రశ్న వస్తుందని అమ్మేవారికి తెలుసు కాబట్టి ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది కూడా లోతు అంకే. సెలవు రోజు సాయంత్రం సముద్రపు ఒడ్డున గంటసేపు తిరగడానికో, కోత అయిపోయిన పొలంలో జారిపడిన ఉంగరం వెతకడానికో యంత్రం కొనే మనిషికి మాత్రం ఆ అంకె వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఏ నేల మీద వెతుకుతారు, ఎలాంటి వస్తువు కోసం వెతుకుతారు, అక్కడ తవ్వే హక్కు ఉందా అన్న మూడు సంగతులు ముందుగా తేల్చుకున్నవారికి తగిన యంత్రం ఏదో సగం తెలిసిపోయినట్టే. వాటిలో మొదటిదైన నేల, మిగతా రెండింటి కన్నా ఎక్కువగా ఎంపికను శాసిస్తుంది. మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోనిది కూడా అదే.

లోతు ప్రశ్న ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో తెలియాలంటే యంత్రం పనిచేసే తీరును కొంచెం చూడాలి. కర్ర చివర పళ్ళెంలా కనిపించే భాగాన్ని కాయిల్ అంటారు; అందులో రెండు రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్ట సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది; ఆ మార్పు వేగాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. ఆ క్షేత్రం లోహపు ముక్కను తాకినప్పుడు అందులో ఎడ్డీ కరెంట్లు అనే సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, అవి మళ్ళీ తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, రెండో చుట్ట ఆ సన్నని బదులును వింటుంది. క్షేత్రం కిందికి పోయేటప్పుడు దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. బదులు పైకి వచ్చేటప్పుడూ అదే లెక్కన తగ్గుతుంది. అందువల్ల కాయిల్ వెడల్పును దాటిన దూరాల్లో వస్తువు లోతు రెట్టింపైతే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. ఇదే లెక్కను తిరగేస్తే, ప్రసార బలాన్ని రెట్టింపు చేసినా అదనంగా దక్కే లోతు ఎనిమిదో వంతే అవుతుంది. 20 సెంటీమీటర్ల దగ్గర వినిపించే నాణెం 22 దాకా వినిపిస్తుంది, అంతకు మించి కాదు. మామూలు నేలలో ఐదు రూపాయల బిళ్ళంత వస్తువును 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతులో పట్టుకుంటే ఆ యంత్రం తన పని బాగా చేసినట్టే లెక్క. నాలుగైదు అడుగులు అన్న ప్రకటన నిజమే అనుకున్నా, అది ఇనుప పెట్టెంత లోహపు ముద్ద గురించి చెప్పిన మాటే తప్ప ఉంగరం గురించి చెప్పిన మాట కాదు.

ఇక నేల విషయం. యంత్రానికి బదులు పలికేది లోహం ఒక్కటే అయితే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. నేలలో ఉండే మాగ్నెటైట్, మాగ్హెమైట్ వంటి ఇనుప ఖనిజాలు కూడా అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తాయి, పైగా కాయిల్‌కు అవే అతి దగ్గరలో ఉంటాయి కాబట్టి లోపల ఉన్న నాణెం బదులు కన్నా నేల బదులు ఎన్నో రెట్లు బిగ్గరగా ఉంటుంది. ఈ రొదను యంత్రం ఎంత బాగా తీసివేయగలదన్న దాని మీదే అసలు లోతు ఆధారపడుతుంది. అదే యంత్రం మెత్తని, ఖనిజాలు తక్కువగా ఉన్న నేలలో 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న నాణేన్ని ఇనుము దండిగా ఉన్న ఎర్రమట్టిలో సగం లోతులోనే వదిలేయవచ్చు.

తాను వెతకబోయే నేల ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పల్చని ప్లాస్టిక్ కవరులో చుట్టి, పొడి మట్టిలోనో ఇసుకలోనో రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి బయటికి తీస్తే చాలు. కవరు మీద నాలుగు రేణువులు మాత్రమే అంటుకుని ఉంటే ఆ నేల సౌమ్యమైనది. దాదాపు ఏ యంత్రమైనా అక్కడ పనిచేస్తుంది. నల్లని రజను ముళ్ళపందిలా నిక్కబొడుచుకుని దట్టంగా అంటుకుంటే మాత్రం నేలకు సరిచేసుకునే సదుపాయం లేని యంత్రాన్ని కొనడం డబ్బును మట్టిలో పోయడమే. కవరును తిరగేస్తే రజను అయస్కాంతానికి అంటకుండా రాలిపోతుంది కాబట్టి అదే అయస్కాంతంతో నాలుగైదు చోట్ల చూసుకోవచ్చు. కొనే ముందు చేయదగిన పనుల్లో ఇంతకన్నా చవకైనదీ ఇంతకన్నా ఉపయోగపడేదీ మరొకటి లేదు.

ఆంధ్రప్రదేశ్ తీరం ఈ విషయంలో కఠినమైన పరీక్షే పెడుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా, ముఖ్యంగా కళింగపట్నం, భీమునిపట్నం పరిసరాల్లో, ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్, జిర్కాన్ వంటి బరువైన ఖనిజాలున్న ఇసుక మేటలు ఉన్నాయి. అల వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద నల్లని, ఎర్రని చారలుగా కంటికే కనిపించేవి ఇవే. దీనికి తోడు అలలు తడిపిన ఇసుకలోని ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి యంత్రానికి అది పరచిన పల్చటి లోహపు రేకులా తోస్తుంది. ఉప్పు ఒక రకంగా, నల్ల ఇసుక మరొక రకంగా సిగ్నల్‌ను వక్రీకరిస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం ఈ రెండింటిలో ఒకదానికి సరిచేసుకుంటే రెండోది పట్టు తప్పుతుంది. పొడి ఇసుకలో నిశ్శబ్దంగా ఉన్న యంత్రం తడి ఇసుకలో అడుగు పెట్టగానే ప్రతి ఊపుకూ ఏదో ఒక కూత పెడుతుంటే అది చెడిపోయిందని అనుకోనక్కరలేదు, అక్కడి నేలను విడదీయడం దానికి చేతకావడం లేదు.

తీరంలో వెతకాలన్న కోరిక ఉట్టి ఊహ నుంచి పుట్టినది కాదు. కాకినాడ దగ్గరి ఉప్పాడలో తుపాన్ల తర్వాత ఒడ్డుకు చేరి ఇసుకలో బంగారు రేణువుల కోసం వెతికేవారు ఎప్పటి నుంచో ఉన్నారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అలా గుంపులు గుంపులుగా వెతికిన దృశ్యాలు వార్తల్లోనూ వచ్చాయి. సముద్రపు కోతకు గురై నీటిలో కలిసిపోయిన పాత ఇళ్ళ నుంచీ గుళ్ళ నుంచీ ఆ బంగారం వస్తుందని స్థానికులు చెబుతారు. చేతులతో వెతికేవారికి దొరికిన ఆ రవ్వంత బంగారమే సాధారణ డిటెక్టర్‌కు అతి కష్టమైన లక్ష్యం. తడి ఉప్పు ఇసుక, నల్ల ఖనిజాలు, ఆవగింజంత వస్తువు అనే మూడు కష్టాలు ఒకే చోట కలిసిన ఆ పనికి యంత్రం కొనేవారు నిరాశ పడక తప్పదు.

ఫ్రీక్వెన్సీ అన్న మాట ప్రతి యంత్రం పెట్టె మీదా కిలోహెర్ట్జ్‌లలో కనిపిస్తుంది. సరదా యంత్రాల్లో ఎక్కువ భాగం వీఎల్ఎఫ్ అనే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రకానివి. ఆ పరిధిలో కూడా 4 నుంచి 8 కిలోహెర్ట్జ్‌ల వంటి తక్కువ అంకెలు వెండి, రాగి వంటి బాగా ప్రసరించే పెద్ద వస్తువులకు అనుకూలం. 15 దాటిన అంకెలు సన్నని గొలుసులు, చిన్న బంగారు వస్తువులకు అనుకూలం, కాని అవి ఖనిజపు రొదను కూడా ఎక్కువగా వింటాయి. అనేక ఫ్రీక్వెన్సీలను ఒకేసారి పంపి, వాటి బదులులను పోల్చి ఉప్పు వాటాను, ఇనుప ఖనిజాల వాటాను విడదీసే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఒకప్పుడు అందరికీ అందేవి కావు. ఆస్ట్రేలియా సంస్థ మైన్‌ల్యాబ్ 2018లో ఈక్వినాక్స్‌ను, 2019లో అంతకన్నా తక్కువ ధరలో వాంక్విష్ శ్రేణిని తెచ్చాక, తుర్కియే సంస్థ నోక్టా 2022లో లెజెండ్‌ను తెచ్చాక ఆ పరిస్థితి మారింది. తీరంలో నివసించేవారు, తీరంలోనే వెతకాలనుకునేవారు ఈ తరహా యంత్రాన్ని తప్ప వేరేది చూడనక్కరలేదు. పల్స్ ఇండక్షన్ అనే మరో రకం ఉప్పునూ ఖనిజాలనూ దాదాపు లెక్కచేయదు, లోతూ ఎక్కువే. అయితే మేకుకూ ఉంగరానికీ తేడా చెప్పే శక్తి దానికి చాలా తక్కువ కాబట్టి ప్రతి మేకునూ తవ్వే ఓపిక ఉన్నవారికే అది సరిపోతుంది.

తీరానికి దూరంగా ఉండేవారి పరిస్థితి వేరు. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల లాటరైట్ ఎర్రనేలలు, దక్కన్ బసాల్టు రాయి నుంచి పుట్టిన నల్లరేగడి, ఇనుము పాలు ఎక్కువగా ఉన్న నేలలే. గోదావరి కూడా మహారాష్ట్ర బసాల్టు ప్రాంతం మీదుగా వస్తుంది కాబట్టి దాని ఒండ్రులోనూ నల్ల రజను కనబడితే ఆశ్చర్యం లేదు. ఇలాంటి చోట ఉప్పు బెడద ఉండదు కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రమైనా సరిపోతుంది, కాని గ్రౌండ్ బ్యాలెన్స్ అనే సదుపాయం తప్పనిసరి. కాయిల్‌ను లోహం లేని చోట నేల మీద నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడించి, నేల బదులును యంత్రానికి వినిపించి, దాన్ని లెక్కలోంచి తీసివేయించడమే ఈ సదుపాయం చేసే పని. అమెరికా సంస్థ గారెట్ చేసే ఏస్ శ్రేణి తేలికైనది, మన్నికైనది, కొత్తవారికి అర్థమయ్యేది. అయితే వాటిలో ఏస్ 200, 300, 400 వంటి మోడళ్ళలో నేల సవరణ కర్మాగారంలోనే స్థిరపరచి ఉంటుంది, వాడేవారు మార్చుకోలేరు. అయస్కాంత పరీక్షలో రజను దట్టంగా అంటిన నేలకు 12 కిలోహెర్ట్జ్‌ల నోక్టా సింప్లెక్స్ ప్లస్ వంటిది మెరుగైన ఎంపిక; దానిలో నేలకు సరిచేసుకోవచ్చు, పైగా మూడు మీటర్ల లోతు నీటిలో మునిగినా తట్టుకుంటుంది.

నేల తర్వాత వస్తువు. ఇక్కడే విదేశీ సలహాలను అలాగే పాటించేవారు దెబ్బతింటారు, ఎందుకంటే అమ్మకానికి వచ్చే యంత్రాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా నాణేలను దృష్టిలో పెట్టుకుని అమర్చినవి. డిస్క్రిమినేషన్ అనే సదుపాయం ఇనుమును వినిపించకుండా చేస్తుంది. రాగి, వెండి, నికెల్ నాణేలున్న దేశాల్లో అది వరమే. మన రూపాయి బిళ్ళను 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ముద్రిస్తున్నారు. రెండు రూపాయల బిళ్ళ కూడా ఆ తర్వాత ఆ లోహానికే మారింది. ఘాట్ల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి నదిలోకి విసిరి, భక్తులు వేసిన నాణేలను లాగే పిల్లలను చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు: అయస్కాంతానికి అంటుకునే నాణెం డిటెక్టర్ దృష్టిలో ఇనుమే. కొన్న రోజున నాణేల మోడ్‌లో పెట్టి రూపాయి బిళ్ళ మీద తిప్పి, యంత్రం మూగబోయిందనో అంకె నిలకడగా లేదనో తిరిగి పంపేయడం తొందరపాటు. అదే యంత్రం 2009 తర్వాత వస్తున్న నికెల్ ఇత్తడి ఐదు రూపాయల బిళ్ళ మీద స్పష్టంగా, ప్రతిసారీ అదే అంకెతో పలుకుతుంది. సోడా సీసా ఇనుప మూత, రూపాయి బిళ్ళ రెండూ స్టీలు చక్రాలే కాబట్టి వాటి మధ్య తేడా చెప్పమని ఏ యంత్రాన్నీ అడగలేము.

నగల విషయం ఇంకా సూక్ష్మమైనది. యంత్రం తెర మీద చూపే టార్గెట్ ఐడీ అంకె లోహం పేరు చెప్పదు. ఆ వస్తువులో సుడి ప్రవాహం ఎంత సులువుగా తిరుగుతోంది, ఎంతసేపు నిలుస్తోంది అన్నదే చెబుతుంది. అది లోహం మీద ఎంత ఆధారపడుతుందో పరిమాణం, మందం, ఆకారం మీద కూడా అంతే ఆధారపడుతుంది. అందుకే సన్నని బంగారు ఉంగరం, మాత్రల అట్ట రేకు, డబ్బా మూత వలయం ఒకే అంకె చుట్టూ తిరుగుతాయి. అల్యూమినియం చెత్తను వినకూడదని మీట నొక్కినవారు బంగారాన్ని కూడా వినకూడదని నొక్కినట్టే. మూసుకుని ఉన్న వలయం గొప్పగా పలుకుతుంది, ఎందుకంటే ప్రవాహం దాని చుట్టూ పూర్తిగా తిరగగలదు. అదే వలయంలో చీలిక ఉంటే తిరిగే దారి తెగిపోతుంది. వేలికి తగినట్టు వదులు చేసుకునేందుకు వీలుగా నోరు తెరిచి ఉండే వెండి మెట్టెలు, అంతే బరువున్న మూసిన ఉంగరంతో పోలిస్తే ఎంతో బలహీనంగా వినిపించడానికి కారణం ఇదే. గొలుసు పరిస్థితి ఇంకా దయనీయం: యంత్రానికి అది రెండు తులాల బంగారంగా కాక, ఒకదానితో ఒకటి సరిగా కలవని వందల చిన్న చిన్న కొక్కేలుగా కనిపిస్తుంది. పొలంలో మంగళసూత్రం తెగి పడిపోయినప్పుడు డిటెక్టర్‌తో వెతికేవారు గొలుసు కోసం కాక, దానికి ఉండే పుస్తెల కోసం వెతకాలి. గుండ్రని ఆ రేకు బిళ్ళలు ప్రవాహం తిరగడానికి వీలైన ఆకారంలో ఉంటాయి కాబట్టి అవే ముందు పలుకుతాయి. అలాంటి వెతుకులాటలో వెడల్పు తక్కువున్న కాయిల్, ఎక్కువ ఫ్రీక్వెన్సీ, తడబడకుండా నింపాదిగా ఊపే చేయి, ఈ మూడూ ఖరీదైన బ్రాండు కన్నా ఎక్కువ అక్కరకొస్తాయి.

వజ్రం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేము. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల తొలకరి వానలు పడగానే పొలాల్లో వజ్రాల కోసం వెతకడం ఏటా జరిగేదే, అక్కడికి డిటెక్టర్ తీసుకెళితే బాగుంటుందని ఆలోచించేవారూ ఉంటారు. వజ్రం లోహం కాదు, విద్యుత్తును ప్రసరింపజేయదు. మెటల్ డిటెక్టర్‌కు అది మామూలు గులకరాయితో సమానం.

వస్తువు నుంచి హక్కు దగ్గరికి వస్తే, తెలుగు పాఠకులకు ఇది యంత్రం కన్నా పెద్ద విషయం. గుప్త నిధుల పేరుతో పాత గుళ్ళలో, కోటల్లో, కొండల మీద రాత్రివేళ తవ్వకాలు జరిపి పట్టుబడ్డ ముఠాల వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ తరచూ కనిపిస్తాయి, పట్టుబడిన సామగ్రిలో మెటల్ డిటెక్టర్ కూడా ఉంటుంది. సరదాకు వెతికేవారు ఆ గీతకు చాలా దూరంగా ఉండాలంటే చట్టం తెలిసి ఉండాలి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ వర్తిస్తుంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువకు మించిన ఏ నిధి దొరికినా దాని వివరాలు, దొరికిన చోటు, తేదీ రాసి కలెక్టరుకు తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే దొరికినవారి వాటా ప్రభుత్వానికి పోవడమే కాక ఏడాది దాకా జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. తెలియజేసి, సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేని పక్షంలో మూడు వంతులు దొరికినవారికీ ఒక వంతు స్థలం యజమానికీ చెందుతాయి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. భయపెట్టే చట్టంగా పేరుపడినా, నిజాయితీగా వచ్చినవారికి ఇది అన్యాయం చేయదు.

రక్షిత కట్టడాలు, పురావస్తు స్థలాల సంగతి వేరు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం రక్షిత ప్రాంతంలో లైసెన్సు లేకుండా తవ్వడం నేరం. వందేళ్ళు దాటిన వస్తువులు సాధారణంగా 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. అమరావతి, సాలిహుండం, తొట్లకొండ, కొండాపూర్, కోటిలింగాల వంటి చోట్ల యంత్రం పట్టుకుని కనిపించడమే అనుమానానికి కారణమవుతుంది, కావాలి కూడా. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖ తవ్వకాల్లో మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఆ నాణేల లోహానికి పెద్ద విలువ లేదు. ఏ పొరలో, ఏ కుండలో, ఏ కట్టడం పక్కన అవి ఉన్నాయన్న సమాచారం వల్లే అవి చరిత్ర చెప్పగలుగుతున్నాయి. ఒక రాత్రి ఎవరో సిగ్నల్ విని గునపంతో పెకలించి ఉంటే మిగిలేది కొంత సీసం మాత్రమే.

ఈ విషయంలో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతపు హాక్సన్ ఉదంతం ప్రతి డిటెక్టర్ వాడుకదారూ తెలుసుకోవలసినది. 1992 నవంబరు 16న ఎరిక్ లాస్ అనే విశ్రాంత తోటమాలి తన రైతు మిత్రుడు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని వెతికిపెట్టడానికి డిటెక్టర్ తీసుకుని వెళ్ళాడు. దొరికినవి రోమన్ సామ్రాజ్యపు చివరి కాలం నాటి బంగారు, వెండి నాణేలు, చెంచాలు. కొంత తీసిన తర్వాత అంతా పెకలించకుండా ఆపి అధికారులకు కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి, సుమారు 15,000 నాణేలున్న ఆ నిధిని అది పెట్టెలో సర్ది ఉన్న క్రమంతో సహా నమోదు చేయగలిగారు. ఆయనకు 17.5 లక్షల పౌండ్ల బహుమానం దక్కింది, ఆయన దాన్ని రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండు, వేల్స్‌లలో స్థిరపడిన తెలుగువారు ఈ అభిరుచి మొదలుపెట్టేముందు పొలం యజమాని అనుమతి తీసుకోవడం, 1996 నాటి చట్టం ప్రకారం దొరికిన నిధిని 14 రోజుల్లోగా కరోనరు అనే స్థానిక న్యాయాధికారికి తెలియజేయడం తప్పనిసరి. అమెరికాలో ఉన్నవారికి జాతీయ పార్కుల్లో డిటెక్టర్ వాడటం నిషిద్ధం, ఫెడరల్ భూముల్లో వందేళ్ళు దాటిన పురావస్తువులను తీయడం 1979 నాటి చట్టం కింద నేరం.

మన తీరంలో మరో బాధ్యత కూడా ఉంది. శీతాకాలం చివరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో జనం తిరగని ఒడ్డున తవ్వకపోవడమే మంచిది. విశాఖ ఆర్కే బీచ్ వంటి చోట జనం కూర్చునే పొడి ఇసుకే జారిన వస్తువులు దొరికే చోటు కూడా, అక్కడ యంత్రానికి ఉప్పు బాధా తక్కువే. వినాయక నిమజ్జనం తర్వాత కొన్ని వారాల పాటు ఇనుప తీగలు, చువ్వ ముక్కలు విపరీతంగా పలుకుతాయి. వాటిని తీసి చెత్తబుట్టలో వేయడం కూడా మంచి పనే. దొరికిన ఉంగరం ఎవరిదో తెలుసుకునే ప్రయత్నం చేయకుండా జేబులో వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం కాగలదు కాబట్టి, విలువైనది ఏదైనా దొరికితే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి.

ఎంపికలో డబ్బు పోగొట్టే దారి మరొకటి ఉంది. రెండు యాంటెన్నాలు చేతిలో పట్టుకుంటే కిలోమీటరు దూరంలోని బంగారం వైపు తిరుగుతాయని చెప్పే లాంగ్ రేంజ్ లొకేటర్లు లక్షల రూపాయలకు అమ్ముడవుతున్నాయి. పైన చెప్పిన 64వ వంతు లెక్క ఒక్కటి గుర్తున్నా అది అసాధ్యమని తెలుస్తుంది. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మ పరికరం నమూనా మీద తయారై, బాంబులను కనిపెడుతుందంటూ ఇరాక్‌కు అమ్ముడైన ఏడీఈ 651 అనే బూటకపు యంత్రం వెనుక ఉన్న జేమ్స్ మెకార్మిక్‌కు బ్రిటన్ కోర్టు 2013లో పదేళ్ళ జైలు శిక్ష వేసింది. దాన్ని నమ్మి తనిఖీ కేంద్రాల్లో నిలబడ్డవారి ప్రాణాలు పోయాయి. గుప్త నిధి ఆశతో అప్పు చేసి ఇలాంటివి కొన్న కుటుంబాల నష్టం బియ్యపు గింజలను లాగే మహిమగల పాత్ర అంటూ నమ్మించే రైస్ పుల్లింగ్ మోసాల్లో పడ్డవారి నష్టం లాంటిదే, దాని మీద నవ్వదగినది ఏమీ లేదు. ఫోనులో దించుకునే డిటెక్టర్ యాప్‌లు మోసం కాకపోయినా ఉపయోగం లేనివి: అవి ఫోనులోని దిక్సూచి సెన్సరుతో పనిచేస్తాయి కాబట్టి అయస్కాంతానికి అంటే ఇనుమును దగ్గరగా పెడితేనే గుర్తిస్తాయి, బంగారం, వెండి, రాగి వాటికి లేనట్టే.

నిజమైన యంత్రాలకు వస్తే, మొదటి యంత్రానికి అమెరికా ధరల్లో 200 నుంచి 400 డాలర్ల మధ్య ఖర్చు సరిపోతుంది. మన దగ్గరికి వచ్చేసరికి దిగుమతి ఖర్చులు దాని మీద పడతాయి. పేరున్న బ్రాండ్లకు నకిలీలు చాలా ఉన్నాయి కాబట్టి సంస్థ తన వెబ్‌సైటులో పేర్కొన్న అధీకృత అమ్మకందారు దగ్గరే కొని, సీరియల్ నంబరు సరిచూసుకోవాలి. బరువు 1.4 కిలోలు దాటకూడదు. దుకాణంలో ఐదు నిమిషాలు తేలికగా అనిపించినది గంటన్నర ఊపాక మోచేతికి తెలుస్తుంది. కాయిల్ 10, 11 అంగుళాల డీడీ (రెండు చుట్టలూ ఇంగ్లీషు D అక్షరం ఆకారంలో ఉండే) రకమైతే ఖనిజాలున్న నేలకు, మామూలు తిరుగుడుకు బాగుంటుంది. 15 అంగుళాల కాయిల్ పెద్ద వస్తువులను కొంచెం లోతులో పట్టుకుంటుంది, కాని చెత్త ఎక్కువున్న చోట ఒకేసారి మూడు నాలుగు వస్తువులు దాని కిందికి వచ్చి కలగాపులగంగా పలుకుతాయి.

తెర మీద అంకెల కన్నా చెవికి వినిపించే శబ్దం ఎక్కువ నమ్మదగినది. నిజమైన లక్ష్యం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, తొంభై డిగ్రీలు తిరిగి చూసినా ఒకేలా గుండ్రంగా పలుకుతుంది. మేకు ఒక వైపు పలికి మరో వైపు తెగిపోతుంది, తుప్పు పట్టిన మూత అంచుల దగ్గర చిరిగిన గుడ్డలా గరగరమంటుంది. ఈ తేడా అలల హోరులో స్పీకరు ద్వారా వినిపించదు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. యంత్రానికి పెట్టిన డబ్బులో నాలుగో వంతో అయిదో వంతో వేలిముద్రంత చోటులో వస్తువును చూపే పిన్‌పాయింటర్‌కు కేటాయించడం వృథా కాదు. అది లేనివారు ఒక నాణెం కోసం చేటంత గుంట తీస్తారు, ఉన్నవారు పొలంలో వాడే బొరిగెతో చారెడు మట్టి తీస్తారు. ఇసుకలో అయితే ఇంట్లోని జల్లెడే సరిపోతుంది. ఊపే మనిషి ఒంటి మీద లోహం కూడా యంత్రానికి వినిపిస్తుంది. 1881లో తుపాకి గుండు తగిలిన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా కోసం టెలిఫోన్ సృష్టికర్త గ్రాహం బెల్ ఇలాంటి పరికరంతోనే వెతికి విఫలమైనప్పుడు, మంచంలోని స్టీలు స్ప్రింగులు కూడా దానికి ఒక అడ్డంకి అయ్యాయి. గాజులు, గడియారం, ఇనుప ముక్కున్న బూట్లు తీసివేసి వెతకడం అదే కారణంగా అవసరం.

కొన్న వారం లోపు, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే, పెరట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూసుకోవాలి. ముందు ఆ చోటంతా యంత్రంతో తిప్పి, లోపల పాత మేకులేవీ లేవని నిర్ధారించుకుని, అరమీటరు చొప్పున ఎడం వదిలి ఐదు రూపాయల బిళ్ళ, రూపాయి బిళ్ళ, దారం కట్టిన వెండి మెట్టె, సోడా మూత, మేకు, మాత్రల రేకు ఒక్కొక్కటి పాతి, పుల్ల గుచ్చి, లోతు కాగితం మీద రాసుకోవాలి. మొదట ఐదు సెంటీమీటర్లతో మొదలుపెట్టి, పలికిన కొద్దీ లోతు పెంచుకుంటూ పోవాలి. కాయిల్‌ను నేలకు రెండు వేళ్ళ ఎత్తులో సమాంతరంగా, ఒక ఊపు సగభాగం మరో ఊపు మీద పడేలా ఆడిస్తూ ప్రతి పుల్ల దగ్గరా వచ్చిన అంకెనూ శబ్దం తీరునూ రాసుకోవాలి. ఒక వాన పడ్డాక లేదా రెండు బిందెల నీళ్ళు చల్లాక మర్నాడు మళ్ళీ అలాగే చూడాలి, ఎందుకంటే తడి నేల బదులు పొడి నేల బదులులా ఉండదు. పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఐదు రూపాయల బిళ్ళ పొడిలోనూ తడిలోనూ నిలకడగా పలికితే ఆ యంత్రం ఆ నేలకు సరిపోయింది. పది దాటగానే మూగబోతే, గ్రౌండ్ బ్యాలెన్స్ మరోసారి చేసి చూసి, అప్పటికీ మారకపోతే పెట్టెలో సర్ది వెనక్కి పంపేయవచ్చు.